మొదటిసారే వినపడింది

ముప్పై ఏళ్ళకు పైగా నా చెవులే నాకు అన్నం పెట్టాయి. మొదట సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటర్‌ని. తర్వాత ఖతర్‌లో, ఓడరేవు పనుల దగ్గర రేడియో ఆపరేటర్‌ని. ఇప్పుడు చెవులు సగం పోయాయి. ఒంట్లో కుదురు అంతకన్నా ముందే పోయింది. దీన్ని కూడా నిలబడే రాస్తున్నాను, వంటగట్టు మీద కాగితాలు పరిచి, నాలుగు ముక్కలు రాసి ఒకసారి కిటికీ దాకా వెళ్ళి వస్తూ. "కూర్చుని రాసుకో నాన్నా, నీకు దణ్ణం పెడతాను," అంటుంది మా అమ్మాయి. కూర్చుంటే నాకు ఒక్క ముక్క రాదు.

ఇది రాయడానికి కారణం స్రవంతి. ఇక్కడ దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో మేముండే ఇంటికి పై అంతస్తులో ఉంటుంది, నిజామాబాద్ పిల్ల. ఓడరేవు కంట్రోల్ రూములో ఈమధ్యే చేరింది. మొన్న శుక్రవారం టీకి వచ్చినప్పుడు, "లాగ్ ఎలా రాస్తున్నావమ్మా?" అని అడిగాను. లాగ్ అంటే ఏ సందేశం ఏ వేళకి వచ్చింది, ఎవరు పంపారు, ఎంత స్పష్టంగా వినపడింది అని ఆపరేటర్ తన చేత్తో రాసే పుస్తకం.

"గదేం లేదు అంకుల్ ఇప్పుడు," అంది నవ్వుతూ. "అన్ని మిషన్లనే రికార్డయితయ్. మేం రాసుడు లేదు, తప్పు వోవుడు లేదు."

నాకు ఒళ్ళు మండింది. టీ గ్లాసు కింద పెట్టి లేచాను. "ఏం రికార్డవుతుంది? నువ్వు అన్నది రికార్డవుతుంది. నువ్వు విన్నది రికార్డవుతుందా?" అని అరిచాను. పాపం, ఆ పిల్ల బిత్తరపోయింది. మా అమ్మాయి కళ్ళతోనే నన్ను కోప్పడింది.

ఆ అరుపుకి సంజాయిషీ ఇది. ప్రమోషన్లు, సర్టిఫికెట్ల సంగతి ఇందులో ఉండదు. అవన్నీ పెట్టెలో ఉన్నాయి, చెదలు చూసుకుంటాయి.

చెవి ఉద్యోగం

మాది కంభం దగ్గర పల్లె. మా వైపు ఇంటికొకడు పట్టాళానికి పోవడం మామూలే. నన్ను సిగ్నల్స్‌లో వేశారు. మాకు పని నేర్పిన హవల్దారు తమిళుడు. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయన హిందీలో ఆడా మగా అంతా కలగాపులగం, కానీ చెప్పేది మాత్రం సూటిగా ఉండేది. "సునా తో లిఖో. నహీ సునా తో పూఛో." విన్నావా, రాయి. వినలేదా, అడుగు. అంతే ఉద్యోగం. నీకు ఏమనిపించిందో ఎవడికి కావాలిరా అనేవాడు.

అడగడానికి మాకొక మాట ఉంది: "సే అగెయిన్". మళ్ళీ చెప్పు అని. వినపడకపోవడం మా పనిలో తప్పు కాదు. వాన పడితే వినపడదు, బ్యాటరీ దిగితే వినపడదు, కొండ అడ్డమొస్తే వినపడదు. అందుకే ఎన్నిసార్లు "సే అగెయిన్" అన్నా ఎవరూ తప్పుపట్టరు. హెడ్‌ఫోన్‌లో ఏం వినపడిందో అది పెట్టుకున్నవాడికి తప్ప పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియదు. ఈ కిటుకు ఏ పాఠంలోనూ చెప్పరు కానీ ఏడాది తిరక్కుండా ప్రతి ఆపరేటర్‌కీ తెలిసిపోతుంది. శుభ్రంగా వినపడినా "సే అగెయిన్" అనొచ్చు. బీడీ ముట్టించుకోవడానికి అనొచ్చు. పెన్సిల్ ముల్లు విరిగితే అనొచ్చు. నేనూ అన్నాను, అందరం అన్నాం, దాన్నొక తప్పని ఎవరం అనుకోలేదు.

ఇంకొక నియమం కూడా చెప్పాలి. లాగ్‌లో చెరపకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. కొట్టేసింది కూడా చదవడానికి కనపడాలి. మిగతా అన్నింటికీ నోటితో తిట్టే ఉస్తాద్, ఈ ఒక్కదానికి మాత్రం వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాడు.

కటంగా

నా ఇరవై మూడో ఏట మమ్మల్ని ఆఫ్రికాకు పంపారు. అప్పట్లో కాంగో గొడవ జరుగుతోంది. ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నెల తిరక్కుండానే, రాగి గనులున్న కటంగా అనే ప్రాంతం మాది వేరే దేశం అని ప్రకటించుకుంది. ఆ ప్రకటన వెనక గనుల మీద కన్నున్నవాళ్ళు ఉన్నారు, కిరాయికి యుద్ధం చేసే తెల్ల సిపాయిలు ఉన్నారు. చీలిక ఆపి నెత్తురు పారకుండా చూడమని చాలా దేశాలు కలిసి శాంతి సేనను పంపాయి. మేము అందులో ఉన్నాం.

శాంతి సేన అంటే ఇద్దరి మధ్య నిలబడటమే అనుకుని వెళ్ళాం. నెలల తరబడి నిలబడ్డాం కూడా. కటంగావాళ్ళు కాల్చేవాళ్ళు. మేం తిరిగి కాల్చాలంటే పైనుంచి అనుమతి రావాలి, ఆ అనుమతి నా హెడ్‌ఫోన్‌లోకే రావాలి, అది వచ్చేది కాదు. "ఏం తమ్ముడూ, ఇవాళన్నా చెప్పారా?" అని పొద్దున్నే మావాళ్ళు నా దగ్గరికి వచ్చి అడిగేవాళ్ళు. అడగ్గా అడగ్గా ఒకరోజు వచ్చింది. రోడ్ల మీద అడ్డుకట్టలన్నీ తీసేసి, గనుల ఊళ్ళ దాకా వెళ్ళండి అని.

నెత్తిన నీలి టోపీ, చేతిలో మోర్టారు. శాంతి కోసం దాడి ఏమిటయ్యా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. నా మటుకు నాకు ఆ చీలిక ఆగవలసిందే, ఆ దాడి జరగవలసిందే. ఇలా అనడానికి నాకు సిగ్గు లేదు. నా గొడవంతా అందులో ఒక ఇరవై నిమిషాల గురించి.

దాడి మొదలైన కొద్ది రోజులకే ఒక అడ్డుకట్ట దగ్గర మావాళ్ళు ఇద్దరు పోయారు. అందులో ఒకడు పళని. అతనూ ఆపరేటరే, నా పక్క మంచం. నాతో వైర్‌లెస్ సెట్టు మీద మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా పోయాడు. వేలు బటన్ మీదే ఉండిపోయింది కాబోలు, చాలాసేపు నా హెడ్‌ఫోన్‌లో అక్కడి వాన చప్పుడు వస్తూనే ఉంది. దాన్ని లాగ్‌లో ఎలా రాయాలో నాకు తెలియలేదు.

ఇరవై నిమిషాలు

ఆ తర్వాత ఒక నది అడ్డమొచ్చింది. వెనక్కి పోతూ పోతూ వాళ్ళు వంతెన పేల్చేశారు. ఇవతల మేము, అవతల మనిషెత్తు రెల్లు. తెప్పలు కట్టుకుని తయారుగా ఉన్నాం. జీపు పక్కన టార్పాలిన్ కింద నా సెట్టు పెట్టుకుని కూర్చున్నాను.

మా మేజర్ సాబ్ మంచివాడు. ఇది ముందే చెప్పాలి. మాకు వడ్డించాక గానీ తాను తినేవాడు కాదు. పళని పోయిన రోజు నుంచి ఆయన ఒకచోట కూర్చోవడం మానేశాడు.

ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు వెనకనున్న హెడ్‌క్వార్టర్స్ నుంచి సందేశం వచ్చింది. నదికి ఇవతలే ఆగండి. మళ్ళీ చెప్పేదాకా దాటవద్దు. అవతలి ఊరి జనం తెల్లజెండాలతో రేవుకి వస్తున్నారు. ఒక్క అక్షరం పోకుండా వినపడింది. మా లెక్కలో ఐదుకి ఐదు మార్కుల వినికిడి.

నేను రాస్తుండగానే మేజర్ నా భుజం మీంచి చదివాడు. నది వైపు చూశాడు. మొదటి తెప్పను అప్పుడే నీళ్ళలోకి నెడుతున్నారు.

"ఆవాజ్ సాఫ్ నహీ ఆ రహీ హై. హై నా?" అన్నాడు. సరిగ్గా వినపడటం లేదు, అవునా, అని.

అది ఆర్డరు కాదు, ప్రశ్న. లేదు సాబ్, బాగానే వినపడింది అని నేను అనొచ్చు. అంటే ఆయన నన్ను ఏమీ చేసేవాడు కాదు కూడా.

"నహీ సాబ్, సాఫ్ నహీ హై," అన్నాను. రాసిన కాగితం చింపి జేబులో కుక్కుకున్నాను. బటన్ నొక్కి "సే అగెయిన్" అన్నాను. వాళ్ళు మళ్ళీ చదివారు. మళ్ళీ "సే అగెయిన్" అన్నాను. ఇంకోసారి, బ్యాటరీ మారుస్తున్నాను ఆగండి అన్నాను. ఆ బ్యాటరీకీ మూడో "సే అగెయిన్"కీ మధ్య అవతలి ఒడ్డున కాల్పులు వినపడ్డాయి. ఎంతోసేపు కాదు. పది ఇరవై ఐదుకి "అందింది" అని చెప్పి, అదే వేళ లాగ్‌లో రాశాను. వినికిడి దగ్గర ఐదుకి రెండు అని వేశాను. అప్పటికి రెండు తెప్పలు అవతల ఉన్నాయి.

భయపడి చేశానని చెప్పుకోగలిగితే ఎంత బాగుండును! భయం కాదు. నాకూ దాటాలనే ఉంది. పళని కోసం దాటాలని ఉంది. మేజర్ అడిగింది నా మనసులోని మాటే.

మధ్యాహ్నం సెట్టు వీపున వేసుకుని నేనూ దాటాను. రేవు దగ్గర ఒక పాత పికప్పు బండి ఆగి ఉంది. అద్దానికి దిండు గలీబు కట్టి ఉంది. తెల్లది, మూలల్లో ఎర్ర దారంతో పూలు కుట్టిన గలీబు. స్టీరింగు ముందు మనిషి చనిపోయి ఉన్నాడు. రెల్లులోంచి బండి ఒక్కసారిగా బయటికొస్తే మావాళ్ళు కాల్చారు. తెల్లజెండాలతో జనం వస్తారని వాళ్ళకెవరూ చెప్పలేదు. వాళ్ళని నేనేమనను? చెప్పవలసినవాణ్ణి నేనే.

అతని భార్య బండి పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి దగ్గరికి వచ్చింది. నా మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్‌ని వేలితో ముట్టుకుని ఏదో అడిగింది. మాతో ఉన్న దుబాసీ ఇంగ్లీషులో చెప్పాడు. "మేం వస్తున్నట్టు రేడియోలో మీకు చెప్పామని మీవాళ్ళే అన్నారే, మీకు చెప్పలేదా, అని అడుగుతోంది."

"సిగ్నల్ బాగాలేదని చెప్పు," అన్నాను.

దుబాసీ చెప్పాడు. ఆమె తలూపింది. నమ్మింది! నన్ను ఇన్నేళ్ళూ కూర్చోనివ్వనిది అదే. తిట్టి ఉంటే, మీద పడి కొట్టి ఉంటే ఎప్పుడో మరచిపోయేవాణ్ణేమో. ఆమె తలూపి వెళ్ళి, మళ్ళీ బండి పక్కన కూర్చుంది.

ఎవరూ విచారించలేదు. లాగ్ చూశారు, వేళలన్నీ సరిపోయాయి. కొన్ని వారాల్లో కటంగా వేరే దేశమన్న మాట ముగిసిపోయింది. అందరితో పాటు నాకూ మెడల్ ఇచ్చారు.

మెసయీద్

సైన్యంలోంచి బయటికి వచ్చాక ఖతర్ వచ్చాను. చమురు ధర ఆకాశాన్నంటిన రోజులు. మెసయీద్‌లో అప్పుడు ఇసకా ఇనుమూ తప్ప ఏమీ లేవు. ఒక పక్క ఎరువుల ఫ్యాక్టరీ, ఇంకో పక్క ఉక్కు ఫ్యాక్టరీ, అన్నీ ఒకేసారి లేస్తున్నాయి. సామాన్లు తెచ్చిన ఓడలు దింపుకునే చోటు లేక రోజుల తరబడి లంగరేసి ఎదురుచూసేవి. అందరికీ తొందరే. "యల్లా, యల్లా" అన్న మాట పొద్దున్నుంచీ చెవుల్లో మోగేది. నిజం చెప్పాలంటే ఆ తొందర నాకు హాయిగా ఉండేది. కూర్చుని ఆలోచించే పని లేదు.

నా డ్యూటీ రేవుగట్టు మీద ఒక చెక్క క్యాబిన్‌లో. కంట్రోల్ టవర్ నుంచి వచ్చేది హెడ్‌ఫోన్‌లో వినడం, వాకీటాకీలో గట్టు మీదివాళ్ళకు చెప్పడం. గట్టు మీద వాకీటాకీ పట్టుకునే మనిషి గంగారాం. జగిత్యాల వైపు నుంచి వచ్చినవాడు, ఇంచుమించు నా ఈడే. క్రేను లేపిన బరువు ఊగకుండా కింద నుంచి తాళ్ళు పట్టి నడిపించే ఆరుగురికి మేస్త్రీ. "ఎన్నిసార్లు చెప్పినా మా ఆడిది నేను దుబాయ్‌ల ఉన్ననంటది సారూ. ఖతర్ అంటే ఊర్లె ఎవ్వరికి తెల్వదట," అని నవ్వేవాడు.

మా సూపరింటెండెంట్ యూరప్ మనిషి. పని రాక్షసుడు, కానీ అన్యాయస్తుడు కాదు. క్యాంపులో నీళ్ళు రాకపోతే తానే వెళ్ళి పోట్లాడేవాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనచేత పెద్ద తప్పులు చేయించేది మంచి బాసులే. చెడ్డవాడు అడిగితే ఎలాగైనా తప్పించుకు తిరుగుతాం.

ఒకరోజు మధ్యాహ్నం, ఎరువుల ఫ్యాక్టరీకి వచ్చిన ఉక్కు ట్యాంకును బార్జి మీంచి, అంటే సామాన్లు మోసే బల్లపరుపు పడవ మీంచి, క్రేనుతో లేపుతున్నారు. చిన్న ఇల్లంత ఉంటుంది. లేచి గట్టు వైపు తిరుగుతోంది. అప్పుడు టవర్ నుంచి వచ్చింది: షమాల్, ఉత్తరపు ఇసక గాలి, వస్తోంది, బరువులెత్తే పనులన్నీ ఇప్పుడే ఆపండి. ఐదుకి ఐదు.

సూపరింటెండెంట్ నా వెనకే ఉన్నాడు. నా మొహం చూసి విషయం పట్టేశాడు. ఇంకో పది నిమిషాలు ఆగితే ట్యాంకు గట్టు మీద ఉంటుంది. ఇప్పుడు దించితే ఆ పనంతా రేపటికి, వెనక ఓడలన్నీ ఎల్లుండికి.

"లైన్ క్లియర్‌గా లేదు, అవునా?" అన్నాడు ఇంగ్లీషులో.

నా నోరు నాకన్నా ముందు పోయింది. "సే అగెయిన్" అన్నాను.

కటంగా నుంచి నేను బుద్ధి తెచ్చుకున్నానని మీరు అనుకుంటూ ఉంటే, లేదు. పన్నెండేళ్ళు ఆ ఆడమనిషి మొహాన్ని కళ్ళ ముందు పెట్టుకుని తిరిగినవాణ్ణి. అయినా అన్నాను. ఒకసారి చేసిన తప్పు సైకిలు తొక్కడం లాగా ఒంటికి పట్టేస్తుంది. మీరు మరచిపోయినా ఒళ్ళు మరచిపోదు.

టవర్ మళ్ళీ మొదటి నుంచి చదువుతోంది. అంతలో బల్ల మీద వాకీటాకీ గరగరలాడింది.

"సారూ, గాలి లేస్తున్నట్టున్నది. ఇసుక కండ్లల్ల వడుతున్నది. పైకెల్లి ఏమన్న చెప్పిన్రా?"

మీకు చెప్పలేదా అని అడిగింది ఆమె. ఏమన్నా చెప్పారా అని ఇతను అడుగుతున్నాడు. వాకీటాకీ అందుకున్నాను.

"చెప్పారు గంగారాం. మొదటిసారే వినపడింది. బార్జి మీదికే దించెయ్. దిగంగానే మనుషుల్ని వెనక్కి తియ్. యల్లా!"

క్రేను మీదున్న రహీం భాయ్, హైదరాబాద్ మనిషి, తన వాకీటాకీలో ఆ మాట విని ఒక్క ప్రశ్న వెయ్యకుండా దించాడు. గంగారాం మనుషులు తాళ్ళు వదిలి గోడౌన్ వైపు పరిగెత్తారు. గాలి వచ్చింది. పావుగంట ఇసక కొట్టి పోయింది. ట్యాంకు పైన ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఏమీ అయ్యేది కాదేమో కూడా.

"చూశావా, ఏమీ కాలేదు," అన్నాడు సూపరింటెండెంట్. నేను లాగ్ రాస్తున్నాను. మొదటిసారే స్పష్టంగా వినపడింది, అవసరం లేకుండా మళ్ళీ చెప్పమని అడిగాను, అని రాశాను. ఆయన చదివి, "ఇది రాయాల్సిన పనిలేదు," అన్నాడు మెల్లగా. ఉన్నది సార్ అన్నాను. వారం తిరక్కుండా నన్ను రేడియో నుంచి తీసి పైపుల గోడౌన్‌లో వేశారు. ఆరు నెలలకి వేరే కంపెనీలో మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

గంగారాం అడిగింది

ఆ వారం శుక్రవారం క్యాంపులో గంగారాం నా గదికి వచ్చాడు. గిన్నెలో కోడికూర తెచ్చాడు, తనే వండింది.

"మీరు చెప్పవట్టి దించినం సారూ. లేకుంటె ఆరుగురం గా ట్యాంకు కిందనే ఉంటిమి. మీ పేరు చెప్పుకుని తింటున్నరు మావోళ్ళు," అన్నాడు.

ఆ పొగడ్త నేను పట్టలేకపోయాను. లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. తర్వాత చెప్పేశాను. నది, తెప్పలు, ఇరవై నిమిషాలు, పూల గలీబు, తలూపిన ఆడమనిషి. ఎవరికీ చెప్పనిది, ఇంట్లో భార్యకి కూడా చెప్పనిది, అతనికి చెప్పాను. తలొంచుకుని అంతా విన్నాడు. పోనీ సారూ, పాత సంగతి అంటాడనుకున్నాను. అనాలని ఎంత ఆశపడ్డానో!

"గామెకు చెప్పిన్రా?" అన్నాడు.

"ఏం చెప్పాలి?"

"మీకు ఇనవడ్డదని."

"లేదు."

"మరి నాకు చెప్తే ఏమొస్తది సారూ? నేను బతికే ఉన్న గద."

కోపంగా అనలేదు. గిన్నె నా వైపు జరిపి, "తినుండ్రి, సల్లారిపోతది," అని వెళ్ళిపోయాడు. నేను తినలేకపోయాను. తర్వాత చాలా ఏళ్ళు మేం కలిసే పనిచేశాం, నవ్వుకున్నాం, ఒకరి పిల్లల పెళ్ళిళ్ళు ఒకరికి చెప్పుకున్నాం. ఆ మాట మాత్రం అతనూ మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కొట్టివేత

స్రవంతీ, నీ మీద అరవడం తప్పే. కానీ నా మాట తప్పు కాదు. నీ మిషన్ నువ్వన్న "సే అగెయిన్"ని ఏళ్ళ తరబడి దాచిపెడుతుంది. ఎవరైనా తీసి వింటే, పాపం లైన్ బాగాలేదు కాబోలు అనుకుంటారు. నువ్వు శుభ్రంగా విని కూడా అన్నావని దానికి తెలియదు. వెస్ట్ బేలోని మీ ఆఫీసులో ఎన్ని అంతస్తుల పైన, ఎంత చల్లటి గదిలో కూర్చున్నా, ఒకరోజు నీకు నచ్చిన బాసు నీ వెనక నిలబడి, లైన్ బాగాలేదు కదా అంటాడు. ఆ రోజు నీకూ లోపల అదే కోరిక ఉంటుంది. అది గుర్తుపెట్టుకో, చాలు.

గంగారాం అడిగింది, ఆ రేవు దగ్గరి ఆమెకు చెప్పారా అని. ఆమెకు ఉత్తరం రాద్దామంటే ఊరి పేరు తెలియదు. ఆమె పేరు నేను అడగనే లేదు. బతికుందో లేదో కూడా తెలియదు. మేజర్ సాబ్ పోయాడని ఎప్పుడో విన్నాను. ఆ లాగ్ పుస్తకం ఏ గదిలో మగ్గుతోందో, ఎప్పుడు తగలబెట్టారో. ఇది చదివేవాళ్ళలో ఎవరికీ ఆ దిండు గలీబుతో సంబంధం లేదు. అయినా ఉస్తాద్ నేర్పిన పద్ధతి ఒకటుంది కాబట్టి, చెరపకుండా, ఒక్క గీత గీసి, ఇక్కడ సరిదిద్దుతున్నాను.

కటంగా, నది ఒడ్డు. సందేశం అందిన వేళ: పది ఇరవై ఐదు, కొట్టివేత. పది ఐదు. వినికిడి: ఐదుకి రెండు, కొట్టివేత. ఐదుకి ఐదు. సిగ్నల్ బాగాలేదని ఆమెకు చెప్పినది, కొట్టివేత.

అమ్మా, మొదటిసారే వినపడింది.